తగ్గని ఆందోళనతో జీవిస్తున్న విశ్వాసి ప్రార్థన ఎలా చేసుకోవాలి?

నెలల తరబడి ఆందోళనతో బాధపడే విశ్వాసి మీద రెండు భారాలు ఉంటాయి. గుండె దడ, పట్టని నిద్ర, కడుపులో తిప్పడం, ఇంకా జరగని కీడును మనసు పదే పదే ఊహించుకోవడం మొదటిది. ‘నిజంగా నమ్మినదాన్నైతే నాకు ఈ భయం ఎందుకు ఉండాలి?’ అని తన మీద తానే మోపుకునే నేరం రెండవది. ఈ రెండవ భారాన్ని దించకుండా ప్రార్థన గురించి ఎంత చెప్పినా అది మరొక బరువే అవుతుంది కాబట్టి ముందుగా దాని సంగతి చూద్దాం.

మొదట, వాక్యాన్ని మీ మీద నేరారోపణగా చదవడం మానండి

‘దేనినిగూర్చియు చింతపడకుడి’ అనే ఫిలిప్పీయులకు రాసిన మాట (4:6) ఆందోళన ఉన్నవారికి తరచుగా గద్దింపులా వినిపిస్తుంది. ఆ మాట రాసిన పౌలు అప్పుడు బంధకాల్లో ఉన్నాడు. కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో (11:28) సంఘాలన్నిటిని గూర్చిన చింత దినదినమూ తనకు భారంగా ఉందని దాచకుండా చెప్పుకున్నదీ ఆయనే. గెత్సేమనే తోటలో ప్రభువు తన ప్రాణం మరణమంతటి దుఃఖంలో మునిగిందని శిష్యులతో చెప్పాడు, తనతో మెలకువగా ఉండమని వారిని అడిగాడు. ఆయనకు విశ్వాసం తక్కువైందని మనం ఎన్నడూ అనం. అటువంటప్పుడు మన పక్క ఇంటి సోదరిని, లేదా మనల్ని మనం, ఆ మాట అనడం ఎంతమాత్రం న్యాయం కాదు.

మోకరించే ముందు శరీరాన్ని చూసుకోండి

ఏలీయా యెజెబెలుకు భయపడి పారిపోయి, బదరీ చెట్టు కింద కూర్చుని చావును కోరుకున్నప్పుడు (1 రాజులు 19) దేవదూత ఆయనకు ఏ ఉపదేశమూ చేయలేదు. లేచి తినమన్నాడు, ఏలీయా తిని మళ్ళీ పడుకుంటే రెండవసారి కూడా లేపి తినమనే చెప్పాడు. దేవుడు ఆయనతో మాట్లాడింది ఆ తరువాతే. కాబట్టి ప్రార్థన కుదరడం లేదని బాధపడే ముందు సరిగ్గా తిన్నారా, గత రాత్రి నిద్రపోయారా, రోజుకు ఎన్నిసార్లు టీ, కాఫీలు తాగుతున్నారు అన్నవి చూసుకోండి.

రాత్రి రెండింటికి గుండె దడతో మెలకువ వస్తే దీర్ఘ ప్రార్థనకు ప్రయత్నించకండి. లేచి కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, కీర్తన 56:3లోని మాటను ఊపిరితో కలిపి మెల్లగా అనుకోండి: ఊపిరి తీసుకుంటూ ‘నాకు భయము సంభవించు దినమున’, ఇంకా నెమ్మదిగా వదులుతూ ‘నిన్ను ఆశ్రయించుచున్నాను’. దావీదు భయం లేదని అక్కడ చెప్పలేదు, భయపడే రోజునే ఆశ్రయిస్తున్నానన్నాడు.

చింతను విన్నపంగా మార్చండి

అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఇదే. గంటసేపు కన్నీళ్ళతో ప్రార్థించి లేచినా మనసు ఇంకా బరువెక్కి ఉండటానికి తరచుగా ఒక కారణం ఉంటుంది: ఆ గంటసేపూ మనం దేవునితో మాట్లాడలేదు, ‘ప్రభువా, ప్రభువా’ అంటూ అదే భయాన్ని మనసులో తిప్పుకున్నాం. చింతకు అంతు ఉండదు, విన్నపానికి ఒక ముగింపు ఉంటుంది. అందుకే ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, ‘అబ్బాయికి ఏమవుతుందో’ అన్న భయాన్ని ‘ప్రభువా, రేపు పదకొండు గంటలకు రిపోర్టు చూపించడానికి వెళ్తున్నాం. డాక్టర్ గారు చెప్పేది ప్రశాంతంగా వినే శక్తి ఇవ్వండి, తరువాత చేయవలసింది తెలియజేయండి’ అని రాయండి. పది నిమిషాలు చాలు. ఆమేన్ అన్నాక బియ్యం కడగడమో, మొక్కలకు నీళ్ళు పోయడమో, చేతులకు పని ఉన్న దానికి లేవండి. అదే భయం మళ్ళీ వస్తే మొత్తం ప్రార్థన తిరిగి మొదలుపెట్టకుండా ‘ఇది మీకు అప్పగించాను ప్రభువా’ అని ఒక్క మాట చెప్పి పనిలోకి తిరిగి రండి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఒక్క మాట తప్పినా కీడు జరుగుతుందని ప్రార్థనను మొదటి నుంచి మళ్ళీ చేయవలసి రావడం, ఎప్పుడో ఒప్పుకున్న పాపాన్నే రోజుకు ఎన్నోసార్లు ఒప్పుకోకుండా ఉండలేకపోవడం భక్తిలా కనిపించినా, అవి చికిత్సతో తగ్గే ఓసీడీ అనే రుగ్మతకు లక్షణాలు కావచ్చు. ప్రభువు కూడా గెత్సేమనేలో అవే మాటలతో మూడవసారి ప్రార్థించాడు. ఆయన మాటలు వేదనలోంచి వచ్చినవి, మాట తప్పితే తండ్రి వినడేమోనన్న భయంలోంచి వచ్చినవి కావు.

మాటలు రాని రోజున కీర్తన తీసుకోండి

‘యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?’ అని మొదలయ్యే 13వ కీర్తనలో ఆరే వచనాలు, గట్టిగా చదువుకోండి. అందులోని చివరి సంతోషం మీకు ఇంకా అందకపోతే చీకటి అనే మాటతోనే ముగిసే 88వ కీర్తన ఉంది. దానిని కూడా దేవుడు తన వాక్యంలో ఉంచాడన్నది నాకు ఎంతో ధైర్యమిచ్చే సంగతి.

ఎవరితో చెప్పుకోవాలో ఎంచుకోండి

కూడికలో అందరి ముందు ప్రార్థన మనవి చెప్పాలన్న నియమం లేదు. సంగతిని తన దగ్గరే ఉంచుకునే ఒకరిద్దరిని ఎంచుకుని, ‘నాకు సలహా వద్దు అక్కా, పక్కన కూర్చుని ప్రార్థన చేయండి చాలు’ అని ముందే చెప్పండి. విశ్వాసం ఉంటే మందులు మానేయమని ఎవరైనా, చివరికి దైవజనులే అయినా, చెబితే గౌరవంగానే కాదనండి.

డాక్టర్ దగ్గరకు వెళ్ళడం వాయిదా వేయకండి

ఆందోళన దాదాపు ప్రతిరోజూ ఉంటూ ఆరు నెలలు దాటినా, అంతకు ముందే పనిని, నిద్రను, తిండిని చెడగొడుతున్నా వైద్యుడిని కలవాలి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం వంటి శరీర కారణాలు కూడా దడకు, వణుకుకు దారితీస్తాయి కాబట్టి పరీక్షలు అవసరం కావచ్చు. మానసిక వైద్యులు ఇచ్చే మందుల్లో చాలావాటి ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, వాటిని ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. ఉపవాస ప్రార్థనలో పాల్గొనాలనుకుంటే ముందు డాక్టర్ గారిని అడిగి తెలుసుకోండి. లూకాను పౌలు ‘ప్రియుడైన వైద్యుడు’ అన్నాడు, తిమోతి కడుపు జబ్బుకు ఏమి పుచ్చుకోవాలో పత్రికలోనే రాశాడు.

చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి. ఇంట్లోవారిని లేపండి, కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, ఏ వేళలోనైనా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇవన్నీ చేసినా ఆందోళన పూర్తిగా పోకపోవచ్చు. తన శరీరంలోని ముల్లు తొలగించమని పౌలు ముమ్మారు వేడుకున్నప్పుడు ‘నా కృప నీకు చాలును’ అన్న జవాబు వచ్చింది, ముల్లు మాత్రం తొలగిపోలేదు. అందువల్ల భయం పోయిందా లేదా అని రోజూ కొలుచుకోకండి. రాత్రి పడుకునే ముందు ఆ నోటుపుస్తకంలోనే, భయం ఉండగానే చేయగలిగిన ఒక పనిని, బస్సెక్కడమో, ఫోన్ ఎత్తడమో, కృతజ్ఞతతో రాసుకోండి. అలాంటివి వరుసగా పెరిగి మనసు తేలికపడిన తరువాత కూడా, మందులు మాత్రం డాక్టర్ గారు చెప్పేవరకు ఆపకండి.