ఇల్లు కొనే ముందు ఎండాకాలంలోనే ఫర్నేస్ వెలిగించి చూడండి

అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఇళ్లు కొనేది ఎండాకాలంలో. సెప్టెంబరుకల్లా కొత్త ఇంట్లో పాలు పొంగించాలి, పిల్లలకు చదువు మధ్యలో బడి మారకూడదు. అందుకే మే, జూన్ నెలల్లో, ఏసీ హాయిగా నడుస్తుండగా ఇళ్లు చూస్తాం. గుమ్మం ఏ దిక్కుకు ఉందో, వంటిల్లు ఏ మూలన ఉందో, బడి రేటింగ్ ఎంతో అన్నీ చూస్తాం. బేస్‌మెంట్ మూలన నిలబడి, చలికాలంలో ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ అనే ఆ ఇనుప పెట్టె దగ్గరికి మాత్రం వెళ్లం. మనం పుట్టి పెరిగిన ఊళ్లలో ఇంటిని వెచ్చబెట్టుకోవలసిన అవసరమే లేదు కాబట్టి అటు చూపు పోదు.

మా మొదటి ఇంటి ఫర్నేస్ మొదటి చలికాలంలోనే ఆగిపోయింది. అప్పుడు ఇంట్లో ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు, ఏడు నెలల పాప ఉన్నారు. ఆ రెండు రాత్రులు మరొకరికి రాకూడదనే ఇది రాస్తున్నాను.

ఇల్లు నచ్చిందనుకోగానే, ఇంట్లో వేడి ఎంత ఉండాలో నిర్ణయించే గోడమీటైన థర్మోస్టాట్ దగ్గరికి వెళ్లండి. ఏజెంటుకు చెప్పి, ఇంటివారి అనుమతితో దాన్ని హీట్ వైపు తిప్పి, గది ఉష్ణోగ్రత కన్నా ఐదారు డిగ్రీలు పైకి పెట్టండి. బయట ఎంత ఎండ ఉన్నా గ్యాస్ ఫర్నేస్‌ను కాసేపు వెలిగించి చూడవచ్చు, దానికేమీ కాదు. కొద్ది నిమిషాల్లో మంట అంటుకోవాలి, ఆ తర్వాత ఫ్యాన్ తిరగాలి, వెచ్చటి గాలి రావాలి. పావుగంట, ఇరవై నిమిషాలు నడవనివ్వండి. ఈలోగా ప్రతి గదికీ వెళ్లి, గాలి వచ్చే జాలీ మీద చెయ్యి పెట్టి చూడండి. ముఖ్యంగా పై అంతస్తులో చిట్టచివరి పడకగది వదలవద్దు. పిల్లలు పడుకునేది అక్కడే, వేడి చాలనిదీ సాధారణంగా అక్కడే. థర్మోస్టాట్ అడిగినంత వేడి రాకముందే ఫర్నేస్ ఆగుతూ మళ్లీ వెలుగుతూ ఉంటే ఎక్కడో లోపం ఉన్నట్టే.

బయటి గాలిలోని వేడిని కరెంటుతో ఇంట్లోకి తెచ్చే హీట్ పంప్ సంగతి వేరు. బయట బాగా వేడిగా ఉన్నప్పుడు దాన్ని వెచ్చదనం వైపు నడిపితే కంప్రెసర్ దెబ్బతినవచ్చు. ఆ పరీక్ష సొంతంగా చేయకుండా నిపుణుడికే వదిలేయండి.

తర్వాత వయసు. యంత్రం మీద అంటించిన పట్టీలో తయారైన సంవత్సరం ఉంటుంది. లేకపోతే సీరియల్ నంబరు ఫొటో తీసుకోండి, దాన్నిబట్టి కనుక్కోవచ్చు. గ్యాస్ ఫర్నేస్ సుమారు 15 నుంచి 20 ఏళ్లు, హీట్ పంప్ 10 నుంచి 15 ఏళ్లు పనిచేస్తాయి. నీళ్లు కాచి ఇంటిని వెచ్చబెట్టే బాయిలర్లు ఇంకా ఎక్కువ కాలం వస్తాయి. ఫర్నేస్‌కు 18 ఏళ్లు వచ్చాయని మంచి ఇల్లు వదులుకోవాలని నేను అనను. కొత్తదానికి వేల డాలర్లు అవుతాయి కాబట్టి ఆ లెక్క బేరంలోకి రావాలంటాను. గత 12 నెలల గ్యాస్, కరెంటు బిల్లులు కూడా అడగండి. ఇల్లు వేడిని ఎంత నిలుపుకుంటుందో అవే చెబుతాయి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది హీట్ ఎక్స్ఛేంజర్. ఒకవైపు మంట, పొగ, మరోవైపు మన గదుల్లోకి వచ్చే గాలి. రెండింటికీ మధ్య ఉన్నది ఆ లోహపు గోడ ఒక్కటే. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ అది చిట్లితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైనప్పుడు జ్వరమేమో అనుకొని పడుకున్నవాళ్లు మళ్లీ లేవకపోవచ్చు. అగ్నిప్రమాదాలతో సంబంధం లేకుండానే అమెరికాలో ఏటా 400 మందికి పైగా ఈ వాయువు వల్ల చనిపోతున్నారు. మంట నిలకడగా, నీలంగా ఉండాలి. పసుపు రంగులో ఊగుతున్నా, ఫ్యాన్ తిరగగానే మంట తీరు మారినా, చుట్టూ మసి చారలు కనిపించినా అక్కడితో ఆగి నిపుణుణ్ణి పిలవండి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కొనే ముందు ఇంటిని పరీక్షించే ఇన్‌స్పెక్టర్ ఇచ్చే నివేదికలో ‘ఫర్నేస్ పనిచేస్తోంది’ అని ఉంటే అంతా బాగున్నట్టు కాదు. ఆయన ఫర్నేస్‌ను విప్పి హీట్ ఎక్స్ఛేంజర్ లోపలి భాగం చూడడు, చూడాలన్న నియమమూ లేదు. అందుకే ఫర్నేస్ పాతదైతే హీటింగ్ నిపుణుణ్ణి విడిగా పిలిపించండి. కొన్ని వందల డాలర్ల ఖర్చు, అంతే. అదీ ఒప్పందంలో ఇన్‌స్పెక్షన్‌కు ఇచ్చిన గడువులోగా జరగాలి. ఆ గడువు చాలా ఒప్పందాల్లో వారం, పది రోజులే. 2021లో ఇళ్లకు విపరీతమైన పోటీ ఉన్నప్పుడు ఎందరో ఇన్‌స్పెక్షన్ హక్కునే వదులుకొని ఆఫర్లు పెట్టారు. ఎంత పోటీ ఉన్నా ఆ పని చేయకండి.

న్యూజెర్సీలో పాత ఇల్లు కొంటుంటే ఇంకో ప్రశ్న కూడా అడగాలి: ఈ ఇంటికి ఒకప్పుడు ఆయిల్ హీటింగ్ (ఇంధన నూనె మండించి వెచ్చబెట్టడం) ఉండేదా? ఇప్పుడు గ్యాస్ ఉన్నా, పెరట్లో నేల కింద పాత ఆయిల్ ట్యాంకు అలాగే ఉండిపోయి ఉండవచ్చు. అది కారి మట్టి పాడైతే శుభ్రం చేయించే భారం కొత్త యజమాని మీద పడుతుంది. మామూలు ఇంటి బీమా సాధారణంగా దాన్ని భరించదు. కొనే ముందే ‘ట్యాంక్ స్వీప్’, అంటే నేల కింద ట్యాంకు ఉందేమో పరికరంతో వెతికించడం, చేయించండి. 1980కి ముందు కట్టిన ఇంట్లో బాయిలర్ గొట్టాలకు తెల్లటి పట్టీ లాంటిది చుట్టి ఉంటే అది ఊపిరితిత్తులకు హానిచేసే ఆస్‌బెస్టాస్ కావచ్చు, చేత్తో ముట్టకండి.

చలి తక్కువగా ఉండే డాలస్ వైపువారు తమకు ఇదంతా ఎందుకనుకోవద్దు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది, ఎన్నో ఇళ్లలో నీటి గొట్టాలు గడ్డకట్టి పగిలాయి. గ్యాస్ ఫర్నేస్ ఉన్నా కరెంటు లేకపోతే దాని ఫ్యాన్ తిరగదు.

ఇల్లు మన పేరు మీదికి మారే క్లోజింగ్‌కు ముందు చివరిసారి ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు థర్మోస్టాట్‌ను మళ్లీ తిప్పి చూడండి. ఇన్‌స్పెక్షన్‌కూ ఆ రోజుకూ మధ్య వారాలు గడిచి ఉంటాయి. తాళాలు చేతికి వచ్చాక, పాలు పొంగించే గిన్నెతో పాటు కొత్త కార్బన్ మోనాక్సైడ్ అలారాలు కూడా పట్టుకెళ్లండి. అంతస్తుకు ఒకటి చొప్పున, పడకగదుల దగ్గర తప్పనిసరిగా పెట్టి, మొదటి రాత్రి అక్కడ నిద్రపోయేలోపే బటన్ నొక్కి మోగుతున్నాయో లేదో చూసుకోండి.