ఉదయం మొండికేసే కంప్యూటర్: ఎస్‌ఎంపీఎస్‌లో ఉబ్బని కెపాసిటర్‌ను అనుమానించండి

లక్షణం: రాత్రి ఆపేసిన కంప్యూటర్ పొద్దున బటన్ నొక్కితే ఉలకదు, పలకదు. నాలుగైదు సార్లు నొక్కాకో, కరెంటు ఇచ్చి అరగంట వదిలేశాకో మొదలవుతుంది. ఇక సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ ఉండదు.

చాలామంది ముందు ర్యామ్ మారుస్తారు, తర్వాత మదర్‌బోర్డును అనుమానిస్తారు. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పవర్ సప్లై) విప్పినవారు కూడా పెద్ద కెపాసిటర్లు ఉబ్బలేదని చూసి మూత బిగించేస్తారు. ఊదారంగు తీగ మీద మల్టీమీటర్ పెట్టేవారు మాత్రం అరుదు. దయచేసి ముందు ఆ పని చేయండి. 24 పిన్నుల కనెక్టర్‌లో అది 9వ పిన్. కంప్యూటర్ ఆగి ఉన్నా గోడ స్విచ్ వేసి ఉంటే అక్కడ 4.75 నుంచి 5.25 వోల్టులు ఉండాలి, దీన్నే స్టాండ్‌బై అంటారు. కనెక్టర్ మదర్‌బోర్డుకు తగిలించి ఉండగానే కొలవండి. ఊడదీసి కొలిస్తే లోడు లేక, పాడైన స్టాండ్‌బై కూడా 5 వోల్టులు చూపించగలదు.

కారణం: స్టాండ్‌బై చిప్‌కు కరెంటు అందించే చిన్న కెపాసిటర్. సాధారణంగా 10 నుంచి 47 మైక్రోఫారడ్, 50 వోల్టులది. హీట్‌సింక్ పక్కనో ట్రాన్స్‌ఫార్మర్ పక్కనో ఇరుక్కుని ఏళ్ల తరబడి వేడికి ఎండిపోతుంది. పెద్దవాటికి తల మీద గాట్లు ఉంటాయి కాబట్టి ఒత్తిడి పెరిగితే అక్కడ ఉబ్బి తెలిసిపోతుంది. ఇంత చిన్నవాటికి చాలావరకు ఆ గాట్లు ఉండవు, పైకి కొత్తదానిలాగే కనిపిస్తాయి. మల్టీమీటర్ కెపాసిటెన్స్ కొలతా మోసం చేయవచ్చు: మైక్రోఫారడ్లు దాదాపు సరిగానే వస్తాయి, పెరిగింది లోపలి నిరోధం, అంటే ఈఎస్‌ఆర్. చలికి అది ఇంకా పెరుగుతుంది, అందుకే ఈ మొండితనమంతా పొద్దుటిపూటే. ఈఎస్‌ఆర్ మీటర్ ఉంటే అదే విలువ గల కొత్తదానితో పోల్చండి. లేకపోతే ప్లగ్గు తీసేసి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆ చోటును కాస్త వేడిచేసి, మళ్లీ కరెంటు ఇవ్వండి. వెంటనే మొదలైతే దొంగ దొరికినట్టే.

రెండు ట్రాన్సిస్టర్లతో నడిచే పాత స్టాండ్‌బై సర్క్యూట్లలో ఇదే లోపం వోల్టేజీని పైకి నెట్టి మదర్‌బోర్డును కాల్చేయవచ్చు. ఊదా తీగ 5.25 దాటితే ఆ ఎస్‌ఎంపీఎస్‌ను మళ్లీ తగిలించవద్దు.

పరిష్కారం: ఆ చిన్నదాన్నీ, స్టాండ్‌బై అవుట్‌పుట్ వైపు కెపాసిటర్లనూ కలిపే మార్చండి. అదే మైక్రోఫారడ్, అంతే లేదా ఎక్కువ వోల్టేజీ, 105 డిగ్రీలు, తక్కువ ఈఎస్‌ఆర్. 85 డిగ్రీలది వద్దు. వేడి పెరిగే ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు సుమారు సగమవుతుంది. నిచికాన్, రూబికాన్, నిప్పన్ కెమికాన్, పానసోనిక్ నమ్మదగినవే, కానీ నకిలీలున్నాయి కాబట్టి తెలిసిన పంపిణీదారు దగ్గరే కొనండి. పెట్టె మీద ‘జపాన్ కెపాసిటర్’ అని రాసి, పెద్ద కెపాసిటర్ ఒక్కటే అక్కడిది వేసి మిగతావి నాసిరకం వేసినవీ ఉన్నాయి. నాణ్యత చూడాల్సింది చిన్నవాటిలో. చేయి పెట్టేముందు ఆ పెద్దదాన్ని డిశ్చార్జ్ చేయండి, అందులో 300 వోల్టులకు పైగానే నిలిచి ఉండవచ్చు.

గేమ్ మొదలవగానే రీస్టార్ట్ అయ్యే కంప్యూటర్‌లో అవుట్‌పుట్ వైపు పెద్దవాటిని చూడండి, అవి చాలావరకు ఉబ్బి కనిపిస్తాయి. వాటి అడుగున ఉండే లేత రంగు జిగురు లీకు కాదు. ఫ్యూజు పోయి ఉంటే అది చాలావరకు షార్టయిన ట్రాన్సిస్టర్ లాంటి భాగం పని, కెపాసిటర్లు మార్చి లాభం లేదు.