కొత్త బ్యాటరీ కూడా దిగిపోతే: నా అనుభవం

హనుమకొండ నుంచి కాజీపేటకు రోజూ బండి మీదే వెళ్తాను. మూడు వారాల క్రితం వేయించిన కొత్త బ్యాటరీ ఫాతిమానగర్ దగ్గర మొరాయించింది. సెల్ఫ్ కొడితే టిక్కు టిక్కుమనే శబ్దం తప్ప ఇంకేమీ లేదు. మెకానిక్ మళ్లీ బ్యాటరీయే మార్చమన్నాడు. నాకు మనసొప్పలేదు.

బ్యాటరీని ఇంట్లో రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, కొన్ని గంటలు ఆగి మల్టీమీటర్‌తో చూస్తే 12.7 వోల్టులు. అంటే బ్యాటరీ బాగానే ఉంది. ఇంజిన్ ఆన్ చేసి రేజ్ ఇచ్చాను. 14 దాటాల్సింది 12.4 దగ్గరే ఆగి, మెల్లగా తగ్గుతోంది. ఛార్జింగ్ అందడం లేదన్నమాట.

తర్వాత స్టేటర్, అంటే ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే తీగచుట్ట. దాని నుంచి వచ్చే మూడు పసుపు తీగల సాకెట్ విప్పి, మీటరును ఏసీ వోల్టేజీలో పెట్టి, రెండేసి తీగల మధ్య కొలిచాను. మూడు జతల్లోనూ ఒకే రీడింగ్. రేజ్ పెంచితే సమానంగా పెరిగింది. ఇంజిన్ ఆపి చూస్తే ఏ తీగా బాడీకి తగలడం లేదు. స్టేటర్ మంచిదే.

అసలు దోషం ఆ సాకెట్‌లోనే దొరికింది! ఒక పిన్ను నల్లబడి, చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉంది. పట్టు వదులైతే అక్కడ నిరోధం పెరిగి వేడెక్కుతుంది. పిన్నులతో సహా సాకెట్ మార్చాను. ఇప్పుడు 14.2 వోల్టులు.

ఒక్క మాట: పరీక్ష కోసమని ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ విప్పకండి. వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి, దాన్ని అదుపు చేసే రెగ్యులేటర్, ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్ (ఈసీయూ) కాలిపోవచ్చు.