ఆన్‌లైన్ వేలంలో హాలీ సిక్కా చార్మినార్ రూపాయి కొనేటప్పుడు

హైదరాబాద్ నిజాంల సొంత నాణెం హాలీ సిక్కా. అందులో వెండి చార్మినార్ రూపాయికి ఆన్‌లైన్ వేలాల్లో గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. అందుకే నకిలీలూ ఎక్కువే. పాట మొదలయ్యేలోపే నాణెం ఎవరి కాలానిదో, ఏ సంవత్సరానిదో ఫోటోలోనే తేల్చుకోవాలి.

ముందు ఫోటోను పెద్దది చేసి చార్మినార్ ద్వారంలోకి చూడండి. అక్కడ అరబిక్ 'మీమ్' (م) అక్షరం ఉంటే మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలం, 'ఐన్' (ع) ఉంటే 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. తర్వాత హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) సంవత్సరం. అరబిక్ అంకెల్లో చుక్క సున్నా, చిన్న గుండ్రం అయిదు. కొత్తవాళ్లు తప్పు చదివేది ఇక్కడే. రెండుకు ఒక వంపు, మూడుకు రెండు వంపులు. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తు శకం దాదాపుగా వస్తుంది: 1330 అంటే 1912. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1329లో. 'ఐన్' ఉండి సంవత్సరం అంతకంటే ముందుదైతే ఆ నాణేన్ని వదిలేయండి.

అసలు రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, రెండిటినీ కలిపేసి రాసే అమ్మకందారులున్నారు. బరువు రాయకపోతే అడగండి, తూకంపై పెట్టి తీసిన ఫోటోతో సహా. అంచు ఫోటో కూడా అడగండి. పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నని అతుకు గీత, ముఖం మీద ఇసుక రాలినట్టు చిన్న గుంటలు కనిపిస్తాయి. పైభాగాన టాంకా (లోహపు అతుకు) మచ్చ ఉంటే ఒకప్పుడు గొలుసుకు అతికించి వేసుకున్నదన్నమాట. నాణెం అసలైనదే కావచ్చు, ధర మాత్రం బాగా తగ్గాలి.

ఇక డబ్బు లెక్క. పాట ఆగిన ధరే చివరి ధర కాదు, దానిపైన వేలం సంస్థ కొన్నవారి దగ్గర తీసుకునే రుసుము, అంటే ప్రీమియం ఉంటుంది. 2021 మార్చి 11న ముగిసిన క్రిస్టీస్ ఆన్‌లైన్ వేలంలో బీపుల్ అనే కళాకారుడి డిజిటల్ చిత్రం పాట 100 డాలర్లతో మొదలై 6.025 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది; ప్రీమియం కలిపి కొన్నవారు కట్టింది 6.93 కోట్లు. మన రూపాయికీ ఇదే పద్ధతి. మీ పాట 6,000, ప్రీమియం 15 శాతం, ప్రీమియం మీద పన్ను 18 శాతం అనుకుంటే 900, 162 కలిసి 7,062 అవుతుంది. పైన కొరియర్. నాణెం మీద కూడా పన్ను వేసేచోట ఇంకా పెరుగుతుంది. కాబట్టి జేబులోని మొత్తం నుంచి వెనక్కి లెక్కగట్టి, గరిష్ఠ పాటను ముందే సైటులో పెట్టి పక్కకు జరగండి. చివరి నిమిషంలో పాట పెరిగితే గడువు పొడిగించే సైట్లే చాలా. ఆ వేడిలో వేసిన పాటే జేబు ఖాళీ చేస్తుంది.

పార్శిల్ విప్పడం మొదటినుంచీ వీడియో తీయండి. అయస్కాంతానికి అంటుకుంటే వెంటనే తిరగ్గొట్టండి. అంటకపోయినా నీళ్ల పరీక్ష చేయాల్సిందే. 0.01 గ్రాము చూపే తూకంపై నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకు, గోడకు తగలకుండా ముంచండి. తూకం 1.10 గ్రాముల దగ్గర చూపిస్తే వెండి లెక్క సరిపోయినట్టు. అదే బరువున్న రాగి-నికెల్ నకిలీ 1.25 దాకా చూపిస్తుంది. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే అంకె పెరుగుతుంది, దులిపి మళ్లీ ముంచండి. మెత్తని గుడ్డతో అద్ది ఆరనివ్వండి, రుద్దకండి. చింతపండు, పీతాంబరి దగ్గరికి కూడా రానివ్వద్దు. ఆ మెరుపుకు ధర సగానికి పడిపోవచ్చు. పీవీసీ కవరులో ఉంచితే కొన్నాళ్లకు పచ్చని జిగురు పడుతుంది.

విదేశాల్లో ఉన్నవారు ఒకటి గమనించాలి. నూరేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తు చట్టం కింద పురావస్తువు; ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మహబూబ్ కాలపు రూపాయలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఇక్కడి బంధువుల పేరున కొని అమెరికాకు కొరియర్ చేయించుకుందామనుకోకండి, అది నేరం.