చలికాలానికి బండిని పడుకోబెట్టడం – 2వ పాఠం: పెట్రోలు, బ్యాటరీ

మొదటి పాఠంలో బండి (మోటార్‌సైకిల్) కడిగి, ఇంజిన్ ఆయిల్ మార్చి ఉంచాం. అమెరికాలోని మిషిగన్, మిన్నెసోటా, కెనడాలోని ఒంటారియో వంటి చోట్ల నవంబరు నుంచి మార్చి దాకా బండి గరాజులోనే కదా. ఆ నాలుగైదు నెలల్లో ఎక్కువగా పాడయ్యేవి ఈ పాఠంలోని రెండే.

అక్కడి బంకుల్లో దొరికే పెట్రోలులో మామూలుగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌కి నీళ్లంటే ప్రాణం, గాలిలోని తేమని కూడా లాక్కుంటుంది. తేమ హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతాయి. ఇంజిన్‌కి పెట్రోలు వెళ్లేది ఆ అడుగు నుంచే. ఇనప ట్యాంకు తుప్పు పట్టడం మొదలయ్యేదీ అక్కడే. అందుకే ట్యాంకు సగం ఖాళీగా వదలొద్దు. మూత కింద రెండు వేళ్ల ఖాళీ ఉంచి నింపితే తేమగాలికి చోటుండదు. (మన దగ్గర ఇప్పుడు 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చింది కాబట్టి, హైదరాబాదులో బండి వదిలి నెలల తరబడి వెళ్లేవాళ్లకీ ఈ భాగం పనికొస్తుంది.)

నింపే ముందే స్టెబిలైజర్ (పెట్రోలు పాడవకుండా కాపాడే మందు) పోయండి, బంకులో పెట్రోలు పడే జోరుకి అదే కలిసిపోతుంది. స్టా-బిల్ మామూలు రకమైతే 9.5 లీటర్లకి 30 మి.లీ., అంటే 15 లీటర్ల ట్యాంకుకి 47 మి.లీ. వేరే కంపెనీదైతే సీసా మీది కొలతే పాటించండి. పాతబడిన పెట్రోలుని ఇది బాగుచేయదు, తాజాదాన్ని కాపాడుతుందంతే. పోశాక ఆరుబయట పది నిమిషాలు ఇంజిన్ నడపండి, మందు కలిసిన పెట్రోలు, ఇంజిన్‌కి పెట్రోలు అందించే కార్బ్యురేటర్‌కో (పాత బళ్లలో) ఇంజెక్టర్‌కో (కొత్త బళ్లలో) చేరాలి. మూసిన గరాజులో మాత్రం వద్దు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

ఇంజెక్షన్ బండికి ఇక్కడితో సరి. కార్బ్యురేటర్ బండికి ఇంకో పని ఉంది. పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) మూసి, ఫ్లోట్ బౌల్ (కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె) అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ ఒక చుట్టు వదులు చేసి, గొట్టం కింద గాజు గ్లాసు పెట్టండి. వచ్చినదాన్ని వెలుతురులో చూడండి: అడుగున బుడగలా ఒదిగి కదిలేది నీళ్లు. ఆ స్క్రూ చాలా బళ్లకి మెత్తని ఇత్తడిదే, గాడికి సరిపోని స్క్రూడ్రైవర్ పెడితే తల అరిగిపోతుంది. కాక్ మూసి ఇంజిన్ ఆగేదాకా నడిపితే చాలదా? చాలదు. గిన్నెలో మట్టం జెట్టు (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రం) కిందికి దిగగానే ఇంజిన్ ఆగుతుంది, అడుగున కొంత మిగులుతుంది. అది ఆవిరయ్యాక మిగిలే జిగురే పైలట్ జెట్టుని (ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు ఇచ్చేదాన్ని) మూసేస్తుంది. ఆ జెట్టు రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. మార్చిలో చోక్ లాగితే స్టార్టయి, చోక్ వదిలితే ఆగిపోయే బండికి జబ్బు చాలాసార్లు ఇదే.

ఇక బ్యాటరీ. ఇంజిన్ ఆపిన కొన్ని గంటలకి మల్టీమీటర్‌తో చూడండి. లెడ్ యాసిడ్ బ్యాటరీలో 12.7 వోల్టులు అటూఇటూ ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ఛార్జింగ్ పెట్టాలి. బాగా ఖాళీ అయిన బ్యాటరీ −7 డిగ్రీల దగ్గరే గడ్డకట్టి పగలొచ్చు, నిండుగా ఉన్నది −50కీ తట్టుకుంటుంది. అందుకే బ్యాటరీని బండి నుంచి తీసి ఇంట్లో పెట్టండి. తీసేటప్పుడు ముందు నెగటివ్ విప్పండి. ముందు పాజిటివ్ విప్పబోతే, స్పానర్ చేసిస్‌కి తగలగానే నిప్పులు చిమ్ముతాయి. బిగించేటప్పుడు వరస తిరగేయండి. నిండగానే తనే తగ్గించుకునే మెయింటెయినర్‌కి పెట్టి వదిలేయవచ్చు. పాతకాలపు మామూలు ఛార్జరు నెలల తరబడి పెడితే నీళ్లు మరిగిపోతాయి. లిథియం బ్యాటరీకి దాని ఛార్జరే వాడాలి. బ్యాటరీని సిమెంటు నేల మీద పెడితే దిగిపోతుందనే మాట పాతకాలం పెట్టెలది, ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకి వర్తించదు.

వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేస్తుంటే మంచిదని చాలామంది నమ్మకం. అది బండికి చేటు. ఆ కాస్త సేపట్లో సైలెన్సర్‌లో, క్రాంక్‌కేస్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే పెట్టెలో) నీళ్లు చేరతాయి, అవి ఆవిరయ్యేంత వేడి పుట్టదు. సెల్ఫ్ కొట్టడానికి వాడిన కరెంటూ తిరిగి బ్యాటరీకి చేరదు.

చివరగా ఓ టేపు ముక్క మీద ‘కాక్ మూసి ఉంది, బ్యాటరీ ఇంట్లో ఉంది’ అని రాసి మీటరు అద్దం మీద అంటించండి. వచ్చే పాఠంలో ప్లగ్గు విప్పి సిలిండర్‌లో ఆయిల్ పోస్తాం, కాబట్టి ప్లగ్ స్పానర్ సిద్ధంగా ఉంచుకోండి.