ఇంగ్లీషులో సలహా చెప్పేటప్పుడు: నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఇంగ్లీషు మాట్లాడే దేశాలకు కొత్తగా వచ్చినవారికి

మన వైపు సలహా సూటిగా ఉంటుంది. "ఎండలో తిరగబాకు", "ఆ ఇల్లు తీసుకోబాకబ్బాయ్" అంటాం. గొంతులోనే ప్రేమ తెలిసిపోతుంది కాబట్టి ఎవరూ నొచ్చుకోరు. అదే పద్ధతిలో, నిన్నగాక మొన్న పరిచయమైన సహోద్యోగితో "డోంట్ టేక్ దట్ హౌస్" అంటే అధికారం చేస్తున్నట్టు ఉంటుంది. "ఇఫ్ ఐ వర్ యూ, ఐడ్ రీడ్ ద లీజ్ ఫస్ట్" అనండి. చెప్పాల్సింది చెప్పినట్టూ ఉంటుంది, నిర్ణయం వాళ్లకే వదిలినట్టూ ఉంటుంది.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది 'హ్యాడ్ బెటర్' దగ్గర. అందులో బెటర్ ఉంది కదా, మర్యాదగానే ఉంటుందనుకుని మనవాళ్లు మేనేజర్‌తోనూ ఇంటి ఓనర్‌తోనూ వాడేస్తుంటారు. "యూ హ్యాడ్ బెటర్ ఫిక్స్ ద హీటర్" అంటే "బాగుచేయించకపోతే చూసుకో" అని హెచ్చరించినట్టే. ఓనర్‌ను "కుడ్ యూ గెట్ ద హీటర్ ఫిక్స్‌డ్?" అని అడిగితే పని సామరస్యంగా జరుగుతుంది. హ్యాడ్ ఉన్నా ఇది జరిగిపోయిన సంగతి కాదు, ఇక చేయాల్సిన పని. మాటల్లో ఆ హ్యాడ్ సరిగా వినపడదు కూడా, "యూడ్ బెటర్" అనేస్తారు. మన గురించి మనం "ఐడ్ బెటర్ గో" అనుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు.

స్నేహితుల మధ్య 'షుడ్' చాలు. ముందు "ఐ థింక్" చేరిస్తే ఇంకా మెత్తబడుతుంది. 'షుడ్' తర్వాత 'టు' రాదు, దాదాపు అదే అర్థమిచ్చే 'ఆట్' (ought) తర్వాత మాత్రం వస్తుంది. పని అయిపోయాక "యూ షుడ్ హ్యావ్ టోల్డ్ మీ" అంటే అది సలహా కాదు, నిష్ఠూరం.

వినేటప్పుడు కూడా బరువు తెలియాలి. బాస్ నెమ్మదిగా "యూ మైట్ వాంట్ టు చెక్ దిస్ ఎగైన్" అన్నారంటే, ఇష్టమైతే చూడమని కాదు, వెంటనే చూసేయండి. నోటీసు బోర్డు మీద 'మస్ట్' ఉంటే అది నిబంధన. పక్కింటావిడ "యూ మస్ట్ ట్రై దిస్ కేక్" అంటే మాత్రం, మనింట్లో వద్దన్నా ఇంకో గరిటె చేపల పులుసు వేసే ఆప్యాయతే.

"ఐ సజెస్ట్ యూ టు గో" అనేది మనలో చాలామందికి అలవాటు. అక్కడ 'టు' తీసేయండి.

మీకే సలహా కావాల్సి వస్తే టెన్షన్ పడకుండా "వాట్ వుడ్ యూ డూ?" అని అడగండి. సలహా చెప్పడానికి తటపటాయించేవాళ్లు కూడా తామైతే ఏం చేస్తారో చెబుతారు.