ఇంటి గొడవ చెప్పుకునే స్నేహితుడితో కూర్చునే ముందు

బెంగళూరు మారతహళ్లి పీజీ గదిలో ఈ మాటలు వద్దు, పక్క మంచం వాడు వింటూనే ఉంటాడు. ఏ చెరువు గట్టుకో తీసుకెళ్లండి.

• సలహా కావాలా, వింటే చాలా? ముందే అడగండి.

• "మీ నాన్న మనిషే అంత" అనకండి. అన్నిటికంటే ఇదే ముఖ్యం. సంక్రాంతికి ఊరెళ్లి తండ్రీకొడుకులు కలిసిపోతారు, మీ మాట మాత్రం మిగిలిపోతుంది. తప్పు మీవాడిదే అనిపిస్తే దాచకండి, కానీ చేసిన పని గురించే అనండి: "అమ్మ ఫోన్ కట్ చేయడం నాకు నచ్చలేదురా."

• అడక్కుండా వాళ్లింటికి ఫోన్ చేసి రాయబారాలు నడపొద్దు. స్క్రీన్‌షాట్లు ఎవరికీ పంపొద్దు.

• ఆస్తి గొడవైతే తీర్పులివ్వకండి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కుందని మాత్రం గుర్తుచేయండి. మిగతాది లాయర్ పని.

• ఇంట్లో కొట్టడం ఉంటే "సర్దుకుపో" అన్న మాట నోట రానీయకండి. ఆడవాళ్లకు 181, ప్రమాదం ముంచుకొస్తే ఎవరికైనా 112.

• బతకాలని లేదంటే ఒంటరిగా వదలొద్దు. పక్కనే కూర్చుని 14416కి కలపండి. అది టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు.